నాలుగు కుర్చీల గ్రూప్ డిస్కషన్

వాదనలో ఓడినవాళ్లని మీరు చాలామందిని చూసే ఉంటారు. తనతో తానే వాదించుకుని, అందులోనూ చిత్తుగా ఓడినవాణ్ణి చూశారా? చూడకపోతే ఇలా కూర్చోండి. ఆ ఘనుణ్ణి నేనే.

ఎనభైల్లో మాట. మాది జంషెడ్‌పూర్‌లో సీతారాండేరా. ఉన్నట్టుండి ఊరికి ఎంబీఏ పిచ్చి పట్టింది. ఏ వీధిలో చూసినా ఎంట్రన్సుకి చదివేవాళ్లే. సీట్లు పిడికెడు, రాసేవాళ్లు షిఫ్టు వదిలాక స్టీలు ఫ్యాక్టరీ గేట్లోంచి తోసుకొచ్చే జనమంత.

నా ప్రాణస్నేహితుడు ముకుందు మా ఊళ్లోనే బిర్సానగర్‌లో ఉండేవాడు. వాళ్లింట్లో కొందరు చేరి చదువుకునేవారు. నన్నూ పిలిచాడు.

"చల్ యార్, నువ్వూ వచ్చీ. కలిసి చదూకుందాం."

"నాను రాయట్లేదురా. మనవల్ల అయ్యే పనేటి?"

పచ్చి అబద్ధం. పోటీవాడికి నా తెలివి పంచిపెడతానా? పంచేంత తెలివి లేదన్న సంగతి అప్పటికింకా నాకు తెలీదు.

రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. తరవాతది గ్రూప్ డిస్కషన్. బల్ల చుట్టూ కూర్చుని ఇంగ్లీషులో వాదించుకోవాలి, పెద్దలు మార్కులేస్తారు. సాధన చెయ్యాలంటే మనుషులు కావాలి. రాయట్లేదన్న నోటితో ముకుందుని ఎలా అడగను? అందుకని నాలుగు కుర్చీలు వేసుకున్నాను. ఒకదాంట్లో కూర్చుని "దేశానికి కంప్యూటర్లు కావాలి" అనేవాణ్ణి. గబుక్కున ఎదురు కుర్చీలోకి దూకి, "అయ్యా, మీతో నేను ఏకీభవించను!" అని గర్జించేవాణ్ణి.

ఓ సాయంత్రం అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఎవులితో మాట్లాడతన్నావురా?"

"గ్రూప్ డిస్కషనమ్మా."

"గ్రూపేదిరా?"

ఖాళీ కుర్చీలకేసి చెయ్యి చూపించాను. పాపం, ఆవిడే వచ్చి ఓ కుర్చీలో కూర్చుంది. "సరే, నానేటి అనాల?"

"నీకు ఇంగ్లీషు రాదు కదమ్మా!"

లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ నేనూ, కుర్చీలూ. ముకుందు వాళ్లింట్లో ఈపాటికి టీలు తాగుతూ నవ్వుకుంటూ ఉంటారనిపించేది. నేనెంత గొప్ప జోకు వేసినా కుర్చీలు నవ్వేవి కావు.

కలకత్తాలో అసలు గ్రూప్ డిస్కషన్ రోజు రానే వచ్చింది. గదిలో అడుగు పెడితే బల్లకవతల ముకుందు! నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు, తరవాత మొహం తిప్పేసుకున్నాడు. విషయం కంప్యూటర్లే. అందరికన్నా ముందు నేనే అందుకున్నాను. అరవై మైళ్ల వేగంతో సాగిపోయాను. అంతా నోళ్లు తెరిచారు. సరిగ్గా అప్పుడు, ఎవరూ అడగకుండానే, నా కాళ్లు లేచాయి. పక్కనున్న ఖాళీ కుర్చీలోకి మారాను. ఇప్పుడే లేచొచ్చిన కుర్చీకేసి వేలెత్తి, "అయ్యా, మీతో నేను ఏకీభవించను!" అన్నాను.

మార్కులేసే పెద్దాయన కళ్లజోడు తీసి అడిగాడు.

"బాబూ, ఇద్దరిలో ఎవరికి వెయ్యమంటావు మార్కులు?"

ఎవరికీ వెయ్యలేదు లెండి.

తిరుగు రైల్లో ముకుందూ, వాడితో చదువుకున్న జట్టూ మా పెట్టెలోనే ఆ చివర కూర్చుని పూరీలు పంచుకుంటూ నవ్వుకున్నారు. నన్ను చూసే నవ్వుంటారు. వాడొచ్చి "రాయట్లేదన్నావు కదరా" అని నాలుగు తిడితే బాగుండుననిపించింది. మా ఊరి స్టేషను టాటానగర్ వచ్చేదాకా చూశాను. రాలేదు.

ఆ రైల్లోనే చెయ్యి చాచి భీకర ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఈ జన్మలో పోటీవాడన్నవాడు కనపడితే, వాడు ఎంత మొనగాడైనా సరే, ముందు ఇంటికి పిలిచి టీ పోసి మరీ వాదిస్తాను!

గట్టిగా, పైకే అన్నాను. వినడానికి పక్కన ఎవరూ లేరు.