ఉత్తుత్తి రోగిగా పడుకున్న రోజు

కిందటేడు అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కోసం మా బృందం రోగులను చేర్చుకునే యాప్ తయారుచేసింది. అంతా ముగించి ఒకేసారి అప్పగిస్తే తప్పులు చివర్లోనే బయటపడతాయని, ఎజైల్ పద్ధతిలో రెండు వారాలకోసారి అయినంతవరకు చూపించేవాళ్లం. హెడ్ నర్సు మేరీగారు ప్రతిసారీ "ఆయ్, చాలా బాగుందండీ" అనేవారు.

ఒక్క లోపమూ చెప్పకపోవడం నాకు అనుమానం కలిగించింది. చివరిసారి చూపించిన మర్నాడే ప్రారంభం. నేను వార్డులో ఖాళీ మంచమెక్కి, "సిస్టర్, ఊపిరాడటం లేదు, చేర్చుకోండి" అన్నాను. మేరీగారు ఫోన్‌లో మా యాప్ తెరిచారు. యాప్ ఆధార్ అడిగింది, చిరునామా అడిగింది, ఫొటో అడిగింది. డాక్టర్ని పిలిచే బటన్ మాత్రం ఎంతకీ రాలేదు.

"అయ్యబాబోయ్, మీరు పోయేరండీ!" అన్నారావిడ చివరికి. వార్డంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మరి ఇన్నాళ్లూ బాగుందన్నారేంటండీ?"

"అంత కష్టపడి చేసుకొచ్చేరు. మొహమ్మీదే బాగోలేదని ఎలా అంటామండీ?"

ప్రారంభం ఆపించాను. డాక్టర్ని పిలిచే బటన్‌ను మొదటికి తెచ్చి, ముందు ఆ ఒక్క భాగాన్నే వాడకంలో పెట్టాం. నిజం చెబితే ఏదో కీడు జరుగుతుందన్నట్టు నోరు నొక్కేసే మర్యాద కూడా ఒక మూఢనమ్మకమేనని నా అభిప్రాయం. మంచం మీద ఉన్నది నేను కాబట్టి ఆవేళ అందరూ నవ్వారు. మర్నాడైతే అక్కడ నిజంగా ఊపిరాడని మనిషి ఉండేవాడు.