తలుపు దగ్గర పడుకునే పాప

"తలుపు తగిలి పిల్ల తల పగిలితే ఎవరండీ జవాబు చెప్పేది?"

ఆయమ్మ అరుపు పిల్లల బడి మెట్ల దాకా వినిపించింది. మధ్యాహ్నం ఓసారి పాపను చూసిపోదామని వచ్చిన తల్లి గబగబా మెట్లెక్కింది. అందరికన్నా ఆలస్యంగా నిద్రపోయి, తలుపు దగ్గర మిగిలిన చోట ఒదిగేది ఆమె కూతురే. నిద్రలో గుండ్రంగా తిరుగుతుందని ఆయమ్మ దానికి బొంగరమని పేరు పెట్టింది.

ఆయమ్మ ఒకప్పుడు బట్టల మిల్లులో పనిచేసింది. యంత్రాల మోతలో, దూది మూటల పక్కన తన పిల్లలిద్దరినీ పడుకోబెట్టి పెంచింది. అందుకే పిల్లల నిద్ర చెడగొట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. ఈ పిల్లల బడిలో ఎవరు ఎక్కడ తూగితే అక్కడే దుప్పటి పరిచేది. ఒకడు అడ్డంగా, ఒకతె ఐమూలగా. కన్ను మూతపడ్డాక ఎవరినీ కదిపేది కాదు.

మేనేజరు మాత్రం గది కొలతను చాప కొలతతో భాగించి, ఇంకా చోటుందని కొత్త పిల్లల్ని చేర్చుకున్నాడు. ఇప్పుడే విసురుగా తలుపు తోశాడు. అది బొంగరం జుట్టును రాసుకుంటూ ఆగింది.

"ఇంత ఖాళీ కనిపిస్తుంటే ఇరుకంటావేంటి?" అన్నాడు.

"ఖాళీ ఉంది బాబూ, తునకలు తునకలుగా! ఆ మూల మీ చెయ్యి పడుతుంది, ఈ మూల మీ కాలు పడుతుంది. ముక్కలు చేసి పడుకోబెట్టమంటారా?"

తల్లికి కాలేజీ ప్రయోగశాల గుర్తొచ్చింది. పళ్ళెంలో బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు పడేసి, పడ్డవాటిని కదపకుండా ఉంటే, సగానికి దగ్గరగా ఖాళీ ఉండగానే ఇంకో బిళ్ళ పట్టేది కాదు.

"వరసగా పేరిస్తేనే మీ లెక్క నిజమవుతుందండీ. వీళ్ళు పిల్లలు!" అని మేనేజరు మీద మండిపడింది. అంత చెప్పీ, బొంగరాన్ని లోపలికి జరపాలన్న కంగారులో పక్కన నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తింది. వాడు కెవ్వుమన్నాడు. క్షణంలో గదంతా ఏడుపులే.

"నీ పిల్ల కోసం ఇంకొకరి పిల్లాణ్ణి లేపుతావా? సిగ్గుండాలి!" అంది ఆయమ్మ.

వంటింటి గరిటె తెచ్చి, దాని కాడతో తలుపు మడతబందుల మేకులు పైకి పొడిచి లాగేసింది. ఊడిన తలుపును ఈడ్చుకెళ్ళి మేనేజరు బల్లకు ఆనించింది.

"నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ. ముందు మీ తలుపు చూసుకోండి."

"ఆమె వెళ్తే నా పాపా వెళ్తుంది," అంది తల్లి. మేనేజరు తన కిటికీ తెర విప్పి ఇచ్చాడు. తలుపు బదులు గుమ్మానికి ఆ తెర వేలాడింది.

తల్లి బయల్దేరుతుంటే, ఆయమ్మ ఇంకా చల్లారని గొంతుతోనే చెప్పింది: "నిద్రపోయే పిల్లను జరపకమ్మా. అడ్డొచ్చేదాన్ని జరుపు."

ఇప్పుడు ఇంట్లో బొంగరం మంచం అంచు దాకా దొర్లినా ఆ తల్లి దాన్ని కదపదు. మంచాన్నే గోడకు నెడుతుంది.