పారాణి పెట్టించుకున్న పుస్తకం

1999. సిడ్నీ శివార్లలోని టూంగాబీలో మా ఇంటి గరాజే నా వర్క్‌షాపు. మావారు ఆఫీసులో వైటుకె పుణ్యమా అని పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేస్తుంటే, నేను గరాజులో పాత పుస్తకాలు బాగుచేసేదాన్ని. నా ఉద్యోగం బుక్ రెస్టోరర్ అంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. పార్టీల్లో 'లైబ్రరీలో చేస్తుంది' అని పరిచయం చేసేవారు. కొన్నాళ్ళకు దిద్దడం మానేశాను.

నా ఖాతాదారుల్లో రహీం అంకుల్‌ది గుంటూరు. కెల్లీవిల్‌లో డెంటిస్టు. దక్షిణాది రాజకీయ చరిత్ర మీద వచ్చిన పాత పుస్తకాలంటే ఆయనకు పిచ్చి. అందులోనూ ఇన్‌స్క్రైబ్డ్ కాపీలే కావాలి, అంటే ఇచ్చినవాళ్ళు స్వహస్తాలతో నాలుగు ముక్కలు రాసి సంతకం చేసినవి.

ఒకరోజు ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. చేతిలో మద్రాసు శాసనమండలి గురించిన పుస్తకం, రచయిత సంతకంతో. మొదటి పేజీ నాలుగు మూలలూ ఎర్రగా ఉన్నాయి.

సంగతేమిటంటే, అంకుల్ వాళ్ళ తాతగారు ఒకప్పుడు మునిసిపల్ కౌన్సిలరు. ఆయన సంతకం చేసి స్నేహితుడికిచ్చిన పుస్తకమొకటి పాత పుస్తకాలు సేకరించే గ్రాహం అనే ఇక్కడాయనకు మద్రాసులో దొరికింది. శాసనమండలి పుస్తకం ఇస్తే అది ఇస్తానన్నాడు. దీని మూలల్లో పసుపుపచ్చ మరకలున్నాయి. చెమ్మకు పాత కాగితం మీద లేచే మచ్చల్ని ఫాక్సింగ్ అంటాం. ఇవీ అవేననుకుని, గ్రాహం వంక పెడతాడేమోనన్న భయంతో అంకుల్ బేకింగ్ సోడా నీళ్ళతో తుడిచారు.

"పళ్ళ మీద స్టెయిన్‌కి పనిచేస్తుంది కదా అని రుద్దానమ్మా. బ్లీడింగ్ స్టార్ట్ అయింది" అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. అది ఫాక్సింగ్ కాదు, అచ్చమైన పసుపు. కొత్త పుస్తకం కొన్నప్పుడు నాలుగు మూలలా పసుపు రాసే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. పసుపుకు సోడా తగిలితే ఇంకేముంది, పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణే! నిమ్మరసం వేస్తే ఎరుపు తగ్గుతుంది కానీ, ఆ పులుపు పాత కాగితాన్ని తినేస్తుంది. నేను చెయ్యనన్నాను. గ్రాహంతో నిజం చెప్పేద్దామన్నాను.

"చెబితే ఎక్స్‌చేంజ్ క్యాన్సిల్ అంటాడమ్మా. మా తాత చేతిరాత మా ఇంట్లో ఒక్క ముక్క లేదు."

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. మంచినీళ్ళతో అద్ది మిగిలిన సోడా తీసేశాను. ఎరుపు మాత్రం పోలేదు.

శనివారం మధ్యాహ్నం, ఇక్కడివాళ్ళ మాటలో 'ఆర్వో', గ్రాహం నిక్కరుతో, హవాయి చెప్పులతో మా గరాజుకొచ్చాడు. అంకుల్ పుస్తకాన్ని నా ముందుకు జరిపారు. నేనే పసుపు సంగతి, సోడా సంగతి చెప్పాను. గ్రాహం అంతా విని, తన సంచీలోంచి తాతగారి పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాడు. దానికీ నాలుగు మూలలా పసుపే. పక్కన కూరన్నం పెట్టుకుని చదవడం వల్ల అంటిందని ఇన్నాళ్ళూ తనను తానే తిట్టుకున్నాడట.

మూడు మూలల్లో పసుపు అంచుకే ఉంది. నాలుగో మూల దాకా తాతగారి సంతకం సాగింది. అక్కడ మాత్రం ఆ స్నేహితుడింట్లో ఎవరో వేలు పక్కకు జరిపి, సంతకానికి తగలకుండా కాస్త కింద అద్దారు.

రహీం అంకుల్ ఆ మూలనే చూస్తూ ఉండిపోయారు. గ్రాహం ఏ వంకా పెట్టకుండా పుస్తకాలు మార్చుకుని, పారాణి కథ ఒక చీటీ మీద నాచేత రాయించుకుని వెళ్ళాడు.

మరక కనిపిస్తే ముందు బ్రష్ కోసం వెతికేదాన్ని. ఆ తర్వాత నుంచి, అది ఎవరింట్లో పడి ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. తాతగారి పుస్తకం కుట్టు ఊడిపోతోందని అంకుల్ ఆరోజే నా చేతిలో పెట్టారు.

"మొత్తం కొత్తగా చెయ్యమ్మా. ఆ పసుపు జోలికి మాత్రం పోవద్దు."