పక్క చేనికి రెండు తడులు

మా బోరులో నీళ్లు పడిన రోజు నేను చేసిన మొదటి పని, చెంబెడు పట్టి దేవుడి ముందు పెట్టడం. చుట్టూ ఎన్ని బోర్లు వేసినా దుమ్మే లేచిన నేల మాది. మాకు మాత్రం దక్కిందన్న కృతజ్ఞత ఇప్పటికీ పోలేదు. పుంగనూరు దగ్గర మా ఊళ్లో ఒకరి బోరు ఎండితే, పంట గట్టెక్కేదాకా పక్క చేనివాళ్లు తడులివ్వడం మామూలు. అడిగించుకోవడమే తప్పనుకునేవాళ్లం.

మొన్న వేసవిలో మా పక్క చేనామె బోరు ఎండిపోయింది. టమోటా కాయ పట్టి ఉంది. ఇంకో రెండు తడులు పారితే మదనపల్లె మార్కెట్టుకు పోతుంది, లేకుంటే పెట్టిందంతా మట్టిలోనే. ఆమె వచ్చి అడిగితే మా ఆయన తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని పక్కకు తిరిగాడు. వాళ్లది అవతలి పార్టీ.

ఆమె నావైపు తిరిగింది. "మీ ఆయన జెండా పట్టుకున్యాడు, సరే. నా చెట్లు ఏం పట్టుకున్యాయక్కా?"

ఆమె వెళ్లాక మా ఆయన్ని నిలదీశాను.

"నీకేం తెల్సు? మనకు ట్రాన్స్‌ఫారం ఇప్పించిన మన పార్టీవోళ్లు సూస్తాండారు. ఆయమ్మ చేన్లో మన నీళ్లు పారితే, మన డ్రిప్పు సబ్సిడీ కాయితం కదల్దు" అన్నాడు.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన పుణ్యాన రోజూ పేపరు చదువుతాను. అందులో ఈ పార్టీ పగలకు పెద్ద పెద్ద కారణాలు రాస్తారు. మా ఇంట్లో కారణం ఒక కాగితం. భయపడ్డానని చెప్పుకోలేక మనిషి ద్వేషం నేర్చుకుంటాడు. మరునాడే మా ఆయన టీ అంగట్లో, "వాళ్ల పార్టీనే అడగమనండప్పా, ట్యాంకరుకు జెండా కట్టి పంపిస్తారు" అని నవ్వుతుంటే చెవులారా విన్నాను.

మూడోరోజు పొద్దున కరెంటు వచ్చే వేళకు ఆయన ఊళ్లో లేడు. నేనే పోయి ఆమె చేనివైపు వాల్వు తిప్పాను. నాలుగు సాళ్లు తడిశాయో లేదో, ఆమే పరుగున వచ్చింది.

"ఆపక్కా, నీకు దండం పెడతా! మా పార్టీవోళ్లు సూసినారు. మీ నీళ్లు పెట్టుకుంటే మీ పార్టీలో కలిసినట్టేనంట. మా ఆయన మావోళ్ల కాంట్రాక్టు పన్లో ఉండాడు. రేపు రావద్దంటే యాడికి పోవాల మేము?"

వాల్వు నేనే మూశాను. తడి మట్టి వాసన కూడా ఆ పూట నాకు కంపు కొట్టింది.

పది రోజులకు ఆమె గొర్రెలవాళ్లను పిలిచి చేను మేపుకోమంది. ఎండిన ఆకు, వడలిన కాయ ఏదీ మిగల్లేదు. మా ఆయన గట్టు మీద నిలబడి అంతా చూసి ఇంటికొచ్చాడు. "పాపం, కాపు మీదుండే చేను" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

ఆ నోటికి అన్నం పెట్టాలంటే రోత పుట్టింది. పెట్టాను.