నాన్న పుస్తకంలో డకోటా

మొన్న ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో పాటు నాన్న విమానాల పుస్తకం బయటపడింది. ఖాకీ అట్ట, ఎలకలు కొరికిన మూలలు, లోపల నీలం సిరాతో ఆయన గుండ్రటి రాత. నాలుగు పేజీలు తిప్పానో లేదో, నలభై ఏళ్ళు దాటిన కుళ్ళు మళ్ళీ పైకి తన్నుకొచ్చింది. ఏ పేజీ చూసినా "ముందు చెప్పింది సుల్తానా." ఆ పిల్లవి చెవులా, ఇంకేమన్నానా!

సుల్తానా మా పక్కింటి పిల్ల, నా ఈడుదే. విశాఖ పాతనగరంలో ఉండేవాళ్ళం, డెబ్బైల చివరి రోజులవి. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు, మా నాన్న పోర్టులో గుమస్తా. రెండు డాబాలకీ నడుమ మోకాలెత్తు పిట్టగోడ. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనప ఖనిజం దుమ్ముతో అరికాళ్ళు ఎర్రబడుతున్నా లెక్కచేయక, చలికాలం తేగలు చీల్చుకుంటూ, ఎండాకాలం ముంజలు జుర్రుకుంటూ, రంజానుకి వాళ్ళమ్మ గోడ మీంచి అందించిన సేమ్యా ఒకే గిన్నెలో తింటూ మేమిద్దరం ఎంత బాగుండేవాళ్ళమో! ఆకాశంలో చప్పుడు వినిపించేదాకానే ఆ బాగు.

నాన్నకి విమానాల పిచ్చి, అందులోనూ పాతవంటే ప్రాణం. ఆయన పెట్టిన రూలు ఒకటుండేది. చప్పుడు వినగానే కళ్ళు మూసుకోవాలి, తెరిచేలోగా ఏ విమానమో చెప్పాలి, ముందు సరిగ్గా చెప్పినవాళ్ళ పేరు పుస్తకంలో ఎక్కుతుంది. "కళ్ళతో ఎవడైనా సూత్తాడే. సెవుల్తో సూడండి," అనేవాడు. అప్పట్లో ఆవ్రో, ఫోకర్ అని రెండు రకాల విమానాలు వచ్చేవి. రెండిటిదీ ఒకే రకం ఇంజనట, ఒకేలా ఈల వేస్తాయి. నాకు బుర్ర గోక్కోవడమే మిగిలేది. ఆ పిల్ల మాత్రం తల ఓ పక్కకి వంచి, ఠక్కున చెప్పేసేది. నాన్న మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు నా వైపు ఒక్కసారైనా తిరగాలని నేను ఎంతమంది దేవుళ్ళకి దండం పెట్టానో!

ఆదివారాలు సైకిల్ మీద విమానాశ్రయం ముళ్ళకంచె దాకా తీసుకెళ్ళేవాడు. ముందు కడ్డీ మీద సుల్తానా, వెనక క్యారేజీ మీద నేను. కన్నకూతురు వెనకా, పక్కింటి పిల్ల ముందా అని నాకు ఒళ్ళు మండిపోయేది. అడిగితే, "ముందు కూకుంటే దానికి బాగా ఇనపడతాదే," అనేవాడు.

నాకు చప్పుడుతో తెలిసేది డకోటా ఒక్కటే. అది ఈల వేయదు, పిండిమరలా గుడగుడమంటూ వస్తుంది. అప్పటికే ముసలిదైపోయింది, ఎప్పుడో గానీ కనబడేది కాదు. ఓ శనివారం నాన్న పోర్టు క్యాంటీన్‌లో కబురు విని పరుగున వచ్చాడు. "ఒలే, రేపు డకోటా వత్తందట. ఇంక రాదేమో. సుల్తానాకి సెప్పు, పొద్దున్నే రెడీగా ఉండమను."

నేను చెప్పలేదు. పిట్టగోడ దాకా వెళ్ళాను, ఆ పిల్ల అవతల బట్టలు ఆరేస్తూ నన్ను చూసి నవ్వింది కూడా. తిరిగి వచ్చేశాను. తెల్లారి నాన్న అడిగితే, ఒంట్లో బాగాలేదట, రానందని అబద్ధమాడేశాను.

ఆ రోజు ముందు కడ్డీ మీద నేను కూర్చున్నాను. గుడగుడ వినిపించగానే కళ్ళు మూసుకుని "డకోటా!" అని అరిచాను. కళ్ళు తెరిచేసరికి, ఎండలో వెండిలా మెరుస్తూ తోక దించుకుని అది నేల మీదికి దిగుతోంది. నాన్న నా తల నిమిరి, "ఎడమ ఇంజను దగ్గుతంది, ఇన్నావా?" అన్నాడు. నాకేం వినిపించలేదు. విన్నానన్నాను.

సోమవారం సాయంత్రం సుల్తానా గోడ మీంచి తొంగిచూసింది. "బాబాయ్, నిన్న డకోటా ఎల్లింది కదా? డాబా మీంచి ఇన్నాను. ఓ ఇంజను దగ్గుతంది. నాకు సెప్పుంటే నానూ వచ్చేదాన్ని కదా!" నాన్న నా వైపు ఓసారి చూసి, "ఈసారి వత్తే నిన్నే తీసుకెల్తానమ్మా," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. ఆయనకి అర్థం కాలేదు, బతికిపోయాననుకున్నాను. సిగ్గు పడాల్సిన చోట కూడా నాకు అసూయే కలిగింది. చూడకుండానే ఆ పిల్లకి వినిపించిన దగ్గు, కంచె పట్టుకుని నిలబడ్డ నాకు వినిపించలేదే!

డకోటా మళ్ళీ రాలేదు. ముళ్ళకంచె పోయి గోడ లేచింది, నాన్న కూడా పోయాడు. గాజువాకలో మా ఫ్లాటు మీదుగా రోజూ విమానాలు వెళ్తూనే ఉంటాయి, నాకు అన్నీ ఒకలాగే మోగుతాయి. సుల్తానా ఇంకా పాతనగరంలో అదే వీధిలో మనవల్ని ఆడిస్తోంది. పుస్తకం నిజానికి తనది, పట్టుకెళ్ళి ఇచ్చేద్దామనే అనుకున్నాను, ఆ ఆదివారం పేజీ తిప్పేదాకా.

"డకోటా. ముందు చెప్పింది మా అమ్మాయి." దాని కింద, మర్నాడు రాసినట్టుంది, వేరే సిరాతో: "సుల్తానాకి చెప్పమన్నాను. చెప్పలేదు."

ఆ పేజీ చింపేసి పుస్తకం ఇచ్చేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను. చింపలేకపోయాను. పుస్తకం మొత్తంలో నాన్న నా గురించి రాసింది ఆ ఒక్క పేజీలోనే.