చుక్క పక్కన నలభై అయిదు

ధర్మవరంలో నా చిన్నప్పుడు మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అదీ నాలుగో తరగతి చదువు. అమ్మా, చిన్నమ్మా పట్టుదారాన్ని రాట్నం మీద కండెలకు చుట్టేవాళ్లు. చుట్టింది తిరిగి ఇచ్చేటప్పుడు షావుకారు అంగట్లో తూచి, తెగి చెత్తగా పోయిన దారమెంతో చీటీ మీద రాసిచ్చేవారు. దాన్ని తరుగు అంటారు. తరుగు ఎక్కువ వచ్చిన కోడలు పట్టు దాచిందనే మా అవ్వ లెక్క.

ఒకరోజు అవ్వ రెండు చీటీలు నా చేతికిచ్చింది. అమ్మది 0.05 కిలో, చిన్నమ్మది 0.045. చుక్కనూ దాని పక్క సున్నానూ వదిలేసి, అమ్మది అయిదు, చిన్నమ్మది నలభై అయిదు అని గట్టిగా చదివాను. అమ్మే మేలని తేలినందుకు లోలోపల సంబరం కూడా.

అవ్వ చిన్నమ్మ ముందున్న రాట్నం లాగేసింది.

"నలభై అయిదు యాడ దాపెట్టినావమ్మే? రేపట్నుంచి నీకు పట్టూ లేదు, రాట్నమూ లేదు. కదిరికి, మీ అమ్మగారింటికి పో!"

"నా పెట్టె ఎతుక్కో పో. దొరక్కుంటే నీ మొగం యాడ పెట్టుకుంటావు?" అంది చిన్నమ్మ.

అరుపులకు పక్కింటి అక్క వచ్చింది. పదో తరగతి చదివేది. చీటీలు చూసి, నన్ను రెక్క పట్టి అరుగు మీదికి లాక్కుపోయి, రెండంకెలూ బొగ్గుతో రాసింది.

"రెండిట్నీ వెయ్యితో హెచ్చించు. చుక్క కుడికి మూడు స్థానాలు, అంటే మూడిండ్లు, పోతాది. ఖాళీ ఇంట్లో సున్నా పెట్టు."

పెట్టాను. అమ్మది యాభై గ్రాములు. చిన్నమ్మది నలభై అయిదు.

"ఇప్పుడు ఏది పెద్దదే?"

యాభై మీద వేలు పెట్టాను.

"చదివిన నోటితోనే పోయి చెప్పల్ల. నేను చెప్పను."

లోపలికెళ్లి, అమ్మదే అయిదు గ్రాములు ఎక్కువని, అమ్మ ముఖం చూడకుండా చెప్పాను.

అవ్వ అమ్మ వైపు తిరిగింది. "అయితే దొంగవి నువ్వా?"

అమ్మకు చిన్నమ్మే అడ్డొచ్చింది. "అయిదు గ్రాములు పోగు తెగినా పోతాది. ఆయమ్మ జోలికి పోవద్దు" అని తన రాట్నం లాక్కుని, ఆ పూటే వేరే పొయ్యి పెట్టుకుంది. బతికినన్నాళ్లూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏమ్మా, లెక్కల దొరసానీ" అనేది.

నేనూ ఆమెను క్షమించమని అడగలేదు. ఇప్పుడెవరైనా రెండు తూకాలు చదవమంటే, ముందు రెండిటికీ ఇండ్లు సమానం చేస్తాను. పెద్దదేదో తెలిశాక కూడా, ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో ఒకసారి చూసుకున్నాకే నోరు తెరుస్తాను.