కిలో రాయి అడుగున సీసం

మా బాపు ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకున్న మంచిపేరును నేను ఒక్క మధ్యాహ్నంలో మట్టిపాలు చేశాను. ఎలాగో చెబుతాను, నవ్వడం మీ ఇష్టం.

ఉప్పుగూడలో మాది పప్పుల దుకాణం. అందరూ ఎలక్ట్రానిక్ కాటాలకు మారినా బాపు ఇనుప రాళ్లనే నమ్ముకున్నాడు. నేను గ్రంథాలయాన్ని నమ్ముకున్నాను. మలక్‌పేటలో ఒక రసాయనశాస్త్ర పుస్తకాన్ని నాలుగుసార్లు చదివి, గురువు అవసరం లేకుండానే పండితుణ్ణయ్యాను. సూరేకారాన్ని, అంటే పొటాషియం నైట్రేట్‌ను, సీసంతో కలిపి కరిగిస్తే సీసం అందులోంచి కొంత ఆక్సిజన్‌ను లాగేసుకుంటుందట. నైట్రేట్ కాస్తా నైట్రైట్ అవుతుందట. సూరేకారం దొరికింది. సీసమే లేదు.

తూనికరాయి అడుగున ఒక గుంట ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? బరువు సరిచేయడానికి అందులో సీసం నింపి, తూనికల అధికారి దానిమీద ముద్ర కొడతాడు. పుట్టినప్పటినుంచీ ఆ ముద్రల మధ్యే పెరిగిన నాకు అది కేవలం ఊరికే పడి ఉన్న సీసంలా కనిపించింది. బాపు కునుకు తీస్తుండగా కిలో రాళ్లన్నీ గీకేశాను.

మిద్దె మీద ప్రయోగం జరిగింది. కరిగి చల్లారిన సూరేకారం మీద ఆమ్లం చుక్క వేస్తే గోధుమరంగు పొగ లేచింది. నైట్రైటే! లోకులు కొండను తవ్వి ఎలుకను పడతారు, నేను రాయిని తవ్వి నైట్రైట్‌ను పట్టాను.

మర్నాడు హోటల్ నడిపే ఖాదర్ భాయ్ కందిపప్పు సంచితో వచ్చాడు.

"సేఠ్, బురా మత్ మానో, ఏమనుకోకు. నిన్న సాయంత్రం పది కిలోలు తీస్కపోయిన. మా కాటా మీద పావుకిలో తక్కువున్నది."

"నా రాయి అబద్ధమాడదు భాయ్," అంటూ బాపు రాయిని తిరగేశాడు. గుంట నోరు తెరిచింది. బాపు కూడా.

"సీసమేదిరా?"

"అది ఇప్పుడు సీసం కాదు బాపు. లెడ్ ఆక్సైడ్."

"గదంటే ఏంది? మాయమైందా?"

"పదార్థం నశించదు బాపు, రూపం మారుతదంతే. ఆక్సిజన్ కలిసి బరువు ఇంకింత పెరిగింది గూడ."

ఖాదర్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "మాషా అల్లా. పెరిగిందేమో మిద్దె మీద, తగ్గిందేమో నా సంచిల."

బాపు అరవలేదు. అదే నాకు భయం పుట్టించింది. "నిన్న పగటీలి నేను కునుకు తీసినప్పటి సంది ఎవరెవరికి తూచిననో అందరిండ్లకు పో. పప్పు పట్టుకపో. ఏం చేసినవో నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. ప్రతి గడపలోనూ నైట్రేట్‌తో మొదలుపెట్టి నైట్రైట్‌తో ముగించాను. చివరి ఇంట్లో ముసలమ్మ శ్రద్ధగా అంతా విని, చేటలో పప్పు పోయించుకుంది. "మస్తు చదివినవు బిడ్డా. మీ బాపుకు చెప్పు, నిన్ను గూడ ఒకపారి తిరగేసి చూసుకొమ్మను. ఏడనో ఖాళీ ఉన్నట్టున్నది."

ఖాళీ సంచి భుజాన వేసుకుని, నడివీధిలో, సకల మూలకాల సాక్షిగా శపథం చేశాను: ఇకమీదట నా సొంత సొత్తును తప్ప మరి దేన్నీ కరిగించను. నాకంటూ సొంత సొత్తేదీ లేదు కాబట్టి, ఆ శపథం ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు.